మళ్లీ విద్యార్థినిగా

నటవృత్తిలో ప్రవేశం దొరకడం వేరు, ఆ వృత్తిని వశం చేసుకోవడం వేరు అన్న సంగతిని కెనడా నటి లీసా రే ప్రస్థానం స్పష్టం చేస్తుంది. 1972లో టొరంటోలో బెంగాలీ తండ్రికి, పోలిష్ తల్లికి జన్మించిన ఆమె 1990ల ఆరంభంలో బొంబాయిలో మోడల్‌గా పేరు తెచ్చుకుని, ఆ గుర్తింపుతోనే సినిమాల్లోకి వచ్చారు. తెలుగు ప్రేక్షకులకు ఆమె 2002 సంక్రాంతికి విడుదలైన కౌబాయ్ చిత్రం ‘టక్కరి దొంగ’లో మహేశ్‌బాబు సరసన నటించిన కథానాయికగా పరిచయం.

అంతకు ముందు ఏడాది వచ్చిన హిందీ చిత్రం ‘కసూర్’లో ఆమె పాత్రకు దివ్యా దత్తా గాత్రమిచ్చారు. తెరమీద ఒకరు నటించగా ఆ సంభాషణలను మరొకరు పెదవుల కదలికకు సరిపోయేట్లు పలికే ఈ డబ్బింగ్ పద్ధతి తెలుగు సినిమాకు కొత్త కాదు. అది భాష రాని నటికి అవకాశాన్ని, గాత్రమిచ్చే కళాకారిణికి జీవనోపాధిని కల్పిస్తుంది గాని, ఎక్కడ ఆగాలో, ఏ మాటను ఒత్తి పలకాలో తేల్చుకునే అభ్యాసాన్ని తెరమీది నటికి దూరం చేస్తుంది.

గుర్తింపు వచ్చిన తరువాత లీసా రే లండన్ వెళ్లి నటనలో శిక్షణ పొందడం ఆమె జీవితంలో అన్నిటికన్నా గౌరవించదగిన నిర్ణయం. పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాల్లో లేత్ మీద చేయి తిరిగిన కార్మికుడు కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే సీఎన్‌సీ యంత్రం ముందు మళ్లీ నేర్చుకునేవాడిగా నిలబడడానికి ఎంత వినయం కావాలో, పోస్టర్ మీద బొమ్మ పడిన నటి తరగతిలో కూర్చోవడానికీ అంతే వినయం కావాలి. 2005లో టొరంటో చలనచిత్రోత్సవంలో ప్రారంభ చిత్రంగా ప్రదర్శితమైన, దర్శకురాలు దీపా మెహతా తీసిన ‘వాటర్’లో, 1938 నాటి కాశీ వితంతువు కల్యాణిగా, మాటకన్నా చూపులోనూ నడకలోనూ వ్యక్తం కావలసిన దుఃఖాన్ని ఆమె నిగ్రహంతో అభినయించారు. ఆ చిత్రం కెనడా పక్షాన ఆస్కార్ నామినేషన్ పొందింది.

2009లో మల్టిపుల్ మైలోమా, అనగా ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్, బయటపడినప్పుడు ఆమె దానిని దాచక బహిరంగంగా చెప్పి, మూలకణాల మార్పిడి చికిత్స తరువాత టీవీ వంటల పోటీ ‘టాప్ షెఫ్ కెనడా’కు వ్యాఖ్యాతగా, 2019లో మొదలైన ‘ఫోర్ మోర్ షాట్స్ ప్లీజ్’ సిరీస్‌లో నటిగా తిరిగి వచ్చారు.

సంగారెడ్డి నుంచి హైదరాబాద్ స్టూడియోలకు ఆడిషన్ల కోసం, అంటే పాత్రకు తగినవారిని ఎంచుకునే పరీక్షల కోసం, వెళ్లే యువతీయువకులు ఈ ప్రస్థానంలో గ్రహించవలసింది తారాహోదాను కాదు. అవకాశం ముందే వచ్చినా విద్యను వెనక నుంచైనా సంపాదించుకోవచ్చు. అలా సంపాదించుకున్న విద్యే, రూపం మీది మోజు తగ్గిన తరువాత కూడా నటిని పనిలో నిలబెడుతుంది.