నీళ్ళు ఎటు పోయాయి?

విజయవాడ ఆటోనగర్‌కు పొద్దున ఆరింటికి వెళ్తే షెడ్లు సగం కూడా తెరిచి ఉండవు. ఏదో ఒక లారీ కింద మాత్రం అప్పటికే ఒక మనిషి వెల్లకిలా పడుకుని ఉంటాడు. ఆయిల్ చాంబర్ కింది బోల్టును పావు చుట్టు చొప్పున వదులు చేస్తుంటాడు. ఆయిల్ కంటే ముందు ఏం కారుతుందో అతను చూడాలి. రాత్రంతా కదలకుండా నిలిపిన ఇంజన్లోకి నీళ్ళు చేరి ఉంటే, ఆయిల్ కంటే బరువు కాబట్టి అవి చాంబర్ అడుక్కి దిగి ఉంటాయి. బోల్టు మరలు వదులవగానే మొదట వచ్చేవి అవే. నాలుగు చుక్కల నీళ్ళు, వాటి వెనక నల్లటి ఆయిల్. రోగం ఉందని ఆ నాలుగు చుక్కలు చెప్పేశాయి. ఎక్కడుందో తేలడానికి ఇంకో పూట పడుతుంది.

ఆటోనగర్ మేస్త్రులకు ఎంతటి ఇంజన్నయినా విప్పి బిగించగలరన్న పేరుంది. నాకు మాత్రం వాళ్ళ గొప్పతనం విప్పకుండా ఆగడంలో కనిపించింది.

తొంభైల చివర్లో మా నాన్నకు 697 ఇంజన్ ఉన్న టాటా లారీ ఉండేది. ఆ అంకెలోనే ఇంజన్ కొలత ఉంది: ఆరు సిలిండర్లు, ఒక్కో బోరు 97 మిల్లీమీటర్లు. అంతకుముందు వచ్చిన 692కీ ఇదే లెక్క, బోరు 92. టర్బో లేని బండి కావడంతో ఘాట్ రోడ్లో లోడుతో నత్తలా పాకేది. అప్పట్లో పాత ఇంజన్లకు టర్బో పెట్టించడం జోరుగా సాగేది. నాన్న కూడా ఒక షెడ్డులో పెట్టించారు. పనిలో పనిగా హెడ్డు అడుగును గీసి చదును చేసే ఫేసింగ్ కొట్టారు, పంపులో డీజిల్ పెంచారు. బండి పిక్అప్ చూసి డ్రైవర్ మురిసిపోయాడు.

మూడో వారం గుంటూరులో మిర్చి బస్తాలెత్తుకుని దోర్నాల దాటి నల్లమల ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. ఆపి, చల్లారాక చూస్తే రేడియేటర్లో బకెట్ నీళ్ళు పట్టాయి. కింద చుక్క కారలేదు, గొట్టాల దగ్గర తడి లేదు. నీళ్ళు బయటికి పోలేదంటే లోపలికే పోయి ఉండాలనుకున్నాం. బండిని నెమ్మదిగా వెనక్కి తెచ్చి, టర్బో పెట్టిన చోటికి కాకుండా, నాన్నకు గురి ఉన్న ఒక పెద్ద మేస్త్రి షెడ్డులో పెట్టారు.

ఆయన ఆ రోజు పానా ముట్టుకోలేదు. డ్రైవర్ని కూచోబెట్టి టీ తెప్పించి, అడగడం మొదలుపెట్టాడు. "నీళ్ళు బండి నిలబెట్టినప్పుడు తగ్గుతున్నాయా, లోడు లాగినప్పుడా? పొద్దున స్టార్ట్ చేస్తే ఒక సిలిండర్ తడబడి తర్వాత సర్దుకుంటోందా? పొగ తెల్లగా వస్తే కళ్ళు మండుతున్నాయా? ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ తిప్పితే నీళ్ళెన్ని వచ్చాయి?" నేను విసుక్కున్నాను. "హెడ్ దించి చూస్తే తెలిసిపోదా మేస్త్రి గారూ?" అన్నాను. "దించితే హెడ్డు సంగతి తెలుస్తుంది బాబూ, నీళ్ళ సంగతి తెలీదు," అన్నాడు.

ఆ ప్రశ్నల వెనక ఎంత లెక్క ఉందో నాకు ఏళ్ళ తర్వాత అర్థమైంది. నిలబడ్డ బండిలో రాత్రికి రాత్రే నీళ్ళు తగ్గితే అనుమానం లైనర్ కింది రబ్బరు రింగుల మీదికో, బ్లాకు చీలిక మీదికో, ఆయిల్ కూలర్ మీదికో పోతుంది. లోడు లాగినప్పుడే తగ్గితే హెడ్ గాస్కెట్ మీదికి పోతుంది. మంట ఒత్తిడికి గాస్కెట్ సందులోంచి గ్యాసు నీళ్ళదారిలోకి దూరి, రేడియేటర్లోని నీళ్ళను ఓవర్‌ఫ్లో గొట్టం గుండా బయటికి తన్నేస్తుంది. ఇంజన్ ఆగి చల్లబడేటప్పుడు అదే సందులోంచి నీళ్ళు సిలిండర్లోకి ఊరతాయి. పొద్దున ఒక సిలిండర్ తడబడడం అందుకే. తెల్లపొగ కూడా రెండు రకాలు. మండని డీజిల్ పొగైతే కళ్ళు మండుతాయి, ఘాటుగా ఉంటుంది. నీటి ఆవిరి కళ్ళను మండించదు, గాలిలో త్వరగా కరిగిపోతుంది.

ఎయిర్ ట్యాంకు ప్రశ్న చాలామందికి తట్టదు. లారీ బ్రేకులకు గాలినిచ్చే కంప్రెసర్ తలను ఎన్నో బళ్ళలో ఇంజన్ నీళ్ళే చల్లబరుస్తాయి, దాని ఆయిల్ తిరిగి ఇంజన్ చాంబర్లోకే చేరుతుంది. కాబట్టి కంప్రెసర్ హెడ్డు చిట్లినా ఇంజన్ ఆయిల్ పాలలా మారిపోవచ్చు. ఆ సంగతి తెలియక నిక్షేపంగా ఉన్న ఇంజన్ను విప్పితే రోజులూ డబ్బూ రెండూ పోతాయి.

తర్వాత ఆయిల్ వంతు. డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. ఆయిల్ పోసే మూత అడుగున వెన్నలాంటి నురగ కాస్త కనిపిస్తే మాత్రం కంగారుపడకూడదు. చలికాలంలో దగ్గరి దూరాలే తిరిగే బండిలో ఆవిరి చల్లబడి అక్కడ అలా చేరుతుంది. అనుమానం తీరాలంటే పెనం. స్టవ్ మీద పెనం బాగా కాల్చి దానిమీద ఒక చుక్క ఇంజన్ ఆయిల్ వేస్తారు. శుభ్రమైన ఆయిల్ నిశ్శబ్దంగా పలచబడి పొగలేస్తుంది. నీళ్ళున్న ఆయిల్ తాలింపు గింజల్లా చిటపటలాడుతుంది. వెయ్యింట ఒక వంతు నీరున్నా ఆ చప్పుడు వినబడుతుంది. ఆయిల్ ల్యాబుల్లోనూ ఈ చిటపట పరీక్ష చేస్తారు. మా మేస్త్రి దాన్ని ల్యాబులో నేర్చుకోలేదు, తన గురువు స్టవ్ దగ్గర నేర్చుకున్నాడు.

ఆయిల్ కూలర్ అనుమానాన్ని తేల్చే పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే అక్కడ పనిముట్టేమీ అక్కర్లేదు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి నీళ్ళ ఒత్తిడి కంటే ఎక్కువ. కూలర్ పగిలి ఉంటే అప్పుడు ఆయిల్ నీళ్ళలోకి పోతుంది. ఇంజన్ ఆపగానే ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, వేడి నీళ్ళ ఒత్తిడి ఇంకా మిగిలి ఉంటుంది, ఇప్పుడు నీళ్ళు ఆయిల్లోకి వస్తాయి. అంటే దోషం కూలర్‌దైతే రెండు చోట్లా ఆనవాలు దొరకాలి. రేడియేటర్ మూత తీసి వేలు పెట్టి చూస్తే జిడ్డు తగలాలి. మా బండిలో జిడ్డు లేదు.

రెండోరోజు బుడగల పరీక్ష పెట్టాడు. చల్లటి ఇంజన్‌కు ఫ్యాన్ బెల్టు తీసేసి, వాటర్ పంపు తిరగకుండా చేసి, రేడియేటర్‌ను అంచుదాకా నింపి స్టార్ట్ చేయించాడు. స్టార్ట్ చేసేముందు నాజిళ్ళు తీయించి, ఇంజన్ను చేత్తో రెండు చుట్లు తిప్పించి, మళ్ళీ బిగించడం మరచిపోలేదు. సిలిండర్లో నీళ్ళు నిండి ఉండగా సెల్ఫ్ కొడితే, నీళ్ళు అణగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అక్కడితో చిన్న రోగం పెద్ద ఖర్చవుతుంది. పంపు తిరగదు కనుక ఈ పరీక్ష రెండు మూడు నిమిషాల్లో ముగించాలి. నీళ్ళలో సన్నగా, ఆగకుండా బుడగలు లేచాయి. అప్పుడు ఒక్కో నాజిల్‌కు పోయే డీజిల్ పైపు వదులు చేస్తూ పోయాడు. నాలుగో సిలిండర్ పైపు వదులు చేయగానే బుడగలు ఆగాయి. బిగించగానే మళ్ళీ వచ్చాయి. నాకు ఒళ్ళు జలదరించింది. హెడ్డు బోల్టు ఒక్కటి కూడా కదలకముందే జబ్బు ఇంటి నంబరు దొరికిపోయింది.

అయినా ఆయన ఆగలేదు. చాంబర్ దించి, కింద పాత పేపర్లు పరిచి, రేడియేటర్‌లోకి చేతిపంపుతో మూత మీద రాసి ఉన్న ఒత్తిడి మేరకే గాలి కొట్టి, టార్చి వేసి చూశాడు. అంతకు మించి కొడితే రేడియేటరే పగులుతుంది. నీటిలో మునిగి ఉండే లైనర్లున్న ఇంజన్లలో చుక్క లైనర్ బయటి గోడ వెంట జారితే కింది రింగు పోయినట్టు. పిస్టన్ పక్క నుంచి, బోరు లోపల నుంచి జారితే గాస్కెట్టో, హెడ్డో, లైనర్ గోడకు బెజ్జమో. పేపరు మీద తడి మచ్చ ఏ సిలిండర్ కింద పడిందో తెల్లారి చూసినా తెలుస్తుంది. ఏ ఇంజన్‌కు ఏ అనుమానం వర్తించదో తెలియడం కూడా ఇందులో భాగమే. కమ్మిన్స్ బీ సిరీస్ 5.9 లీటర్ల ఇంజన్‌కు అసలు లైనర్లే ఉండవు, పిస్టన్లు నేరుగా బ్లాకులోనే ఆడతాయి. అక్కడ లైనర్ రింగు కోసం వెతికేవాడికి ఆ ఇంజన్ తెలియదన్నమాట. మా బండిలో చుక్క నాలుగో పిస్టన్ పక్కనుంచే జారింది.

హెడ్ దించాక కనిపించింది, అప్పటికే తెలిసినదే. నాలుగో బోరు చుట్టూ ఉండే గాస్కెట్ ఇనుప అంచు కాలి, పక్కనున్న నీళ్ళ రంధ్రం దాకా నల్లటి గీత పడింది. అది ఎందుకు కాలిందో కనుక్కునేదాకా ఆయన కొత్త గాస్కెట్ తెప్పించలేదు. మార్పు చేసిన ఇంజన్‌ను చూసే తీరు ఇక్కడే వేరు. మామూలు బండిలో ఏం పాడైందని అడుగుతారు. మార్చిన బండిలో, ఒకటి మార్చినప్పుడు దాంతోపాటు మారాల్సింది ఏది మారలేదని అడగాలి.

టర్బో ఎక్కువ గాలినిచ్చింది, పంపు ఎక్కువ డీజిలిచ్చింది, సిలిండర్లో ఒత్తిడీ వేడీ పెరిగాయి. ఫేసింగ్ కొట్టడంతో హెడ్డు పలచబడింది, నాజిల్ ముక్కు పిస్టన్‌కు ఇంకాస్త దగ్గరైంది. అందుకు తగిన మందపాటి గాస్కెట్ వేయలేదు. స్టడ్లు పాతవే, ఎన్నో బిగింపులకు సాగినవి. పైగా ఆ ఇంజన్‌కు వేసే రకం గాస్కెట్ వేశాక ఒకసారి ఇంజన్ వేడెక్కి చల్లారాక హెడ్డును మళ్ళీ బిగించాలి. మధ్య నుంచి చివరలకు, వరసగా, టార్క్ రెంచితో. ఆ రెండో బిగింపు అసలు జరగలేదని డ్రైవర్ మాటల్లో తేలింది. కంపెనీ టర్బో ఇంజన్ను తయారుచేస్తే పిస్టన్లు, గాస్కెట్, చల్లబరిచే ఏర్పాట్లు అన్నీ కలిపి లెక్కేస్తుంది. మనం టర్బో ఒక్కటే కొనుక్కొచ్చి బిగిస్తే ఆ లెక్కలో ఒక్క అంకె మార్చి మిగతావి వదిలేసినట్టు.

ఈ తప్పు మన దగ్గరే జరుగుతుందనుకోవద్దు. అమెరికాలో 2003 నుంచి 2007 దాకా ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కుల్లో వచ్చిన 6.0 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్‌కు కంప్యూటర్ ట్యూనింగ్ పెట్టి పవర్ పెంచినవాళ్ళకు సాగే హెడ్ బోల్టులు నిలవలేదు, గాస్కెట్లు పోయాయి. అక్కడి మెకానిక్కులు గట్టి స్టడ్లు వేయడం నేర్చుకున్నారు. ఆ ఇంజన్లో ఇంకో మెలిక ఉంది. ఆయిల్ కూలర్ సన్నటి దారులు మూసుకుపోతే దాని తర్వాత వచ్చే, పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్‌కు నీళ్ళందవు, అది మరిగి పగిలి నీళ్ళను ఇంజన్ పీల్చే గాలిలోకే వదులుతుంది. పగిలింది ఒకచోట, కారణం మరోచోట. మా మేస్త్రికి ఆ ఇంజన్ తెలియదు, కానీ ఆయన అడిగే ప్రశ్న అదే.

హెడ్డులో చీలిక ఉందేమో చూడడానికి ఆయన చేసిన పనిని మళ్ళీ ఎక్కడా చూడలేదు. కడిగి ఆరిన హెడ్డుకు కిరోసిన్ పూసి, కాసేపాగి, పొడిగుడ్డతో తుడిచేసి, సుద్ద రుద్దాడు. చీలిక ఉంటే అందులో దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి సన్నటి గీతగా పైకొస్తుంది. రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులూ చక్రాలూ పరీక్షించడానికి నూనె, సుద్దతో చేసిన పాత పద్ధతి ఇది. ఇవాళ ఎర్రరంగు, తెల్ల పౌడరు డబ్బాల్లో దొరుకుతాయి, సూత్రం మారలేదు. మా హెడ్డు మీద గీత రాలేదు.

మేస్త్రులు చేసే అన్నిటినీ నేను వెనకేసుకు రాను. కూలెంట్ కారిందో మామూలు నీళ్ళో తెలుసుకోవడానికి నాలుక మీద వేసుకునేవాళ్ళు ఉండేవారు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, అందులోని ఇథిలిన్ గ్లైకాల్ మూత్రపిండాలను దెబ్బతీసే విషం. ఈ అలవాటు పూర్తిగా మానాలి. ఇంజన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు పీకేయడం కూడా తప్పే. ఇంజన్ ఎప్పుడూ చల్లగానే నడిచి ఆయిల్లో తేమ మిగిలిపోతుంది, అరుగుదల పెరుగుతుంది. రేడియేటర్లో బోరునీళ్ళు పోయడం మరో పొరపాటు. నీళ్ళదారిలో సున్నం గట్టిగా పేరుకుంటే వేడి బయటికి పోదు. పైగా కూలెంట్ కలపకపోతే, లైనర్ అదురుకు నీళ్ళలో పుట్టి పేలే అతిసన్నని బుడగలు ఇనుమును గుల్ల చేసి చివరికి బెజ్జం పెడతాయి. కూలెంట్‌లోని మందులు ఆ గుల్లబారడాన్ని ఆపడానికే.

2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్-6 లారీలకు స్కానర్ పెడితే వేడి ఎంతో, ఒత్తిడి ఎంతో చెబుతుంది. నాలుగో సిలిండర్ గాస్కెట్ కాలిందని చెప్పదు. ఆ బళ్ళలో ఈజీఆర్ కూలర్ కూడా ఉండొచ్చు కాబట్టి నీళ్ళు లోపలికి దూరే దారి ఒకటి పెరిగింది. ఇంజన్ మార్పుల విషయంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా పడేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. మార్పు చేయించదలచినవాళ్ళు ముందు రవాణా ఆఫీసులో అడగాలి.

మా బండికి కొత్త స్టడ్లు, కొత్త గాస్కెట్ పడ్డాయి. టర్బో ఉంచుకుంటామంటే మేస్త్రి ఒప్పుకోలేదు, పంపు కూడా పాత సెట్టింగుకు దించాడు. రెండో బిగింపుకు బండిని తనే పిలిపించుకున్నాడు. ఆ ఇంజన్ మళ్ళీ నీళ్ళు తాగలేదు.

ఆయన ఇప్పుడు లేరు. ఆయనకు తెలిసినది ఏ పుస్తకంలోనూ ఆయన పేరుతో లేదు, ఇద్దరు శిష్యుల చేతుల్లో ఉంది. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలను అలాంటి మేస్త్రుల దగ్గరికి పంపండి, వాళ్ళు అడిగే ప్రశ్నలను తెలుగులో రాయించండి. బండి యజమానులు కూడా హెడ్డుకు ఫేసింగ్ కొట్టించిన ప్రతిసారీ ఎంత మందం తీశారో, ఏ గాస్కెట్ వేశారో, ఏ తేదీన రెండోసారి బిగించారో ఒక నోటుబుక్కులో రాసి బండిలోనే ఉంచండి. మీ ఇంజన్ చూడబోయే రేపటి మేస్త్రి మొదట అడిగేది అదే.