విమర్శకు లెక్క కావాలి

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న వాదానికి సురవరం ప్రతాపరెడ్డి 1934లో లెక్కతో జవాబు చెప్పారు. ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవుల్ని నిలబెట్టారు. లెక్కకున్న బలం అది.

అయితే ఆ లెక్క ఒక్క ప్రశ్నకే సమాధానం. ఆ కవులు ఎవరి గురించి రాశారు, ఎవరిని వదిలేశారు? ఇది తేలాలంటే కవుల్ని కాదు, రచనల్లోని విషయాన్ని లెక్కించాలి. సామాజిక శాస్త్రాల్లో దీన్నే విషయ విశ్లేషణ, అంటే కంటెంట్ ఎనాలిసిస్ అంటారు.

దీనికి కొన్ని నియమాలున్నాయి. ఏ రచనలు తీసుకుంటున్నామో ముందే ప్రకటించాలి. మన వాదానికి పనికొచ్చేవి ఏరుకోకూడదు. లెక్కించేది పదాన్నా, పద్యాన్నా, పాత్రనా అన్నది తేల్చుకోవాలి. ప్రతి విభాగానికీ నిర్వచనం రాసుకోవాలి. ఇద్దరు విడివిడిగా చదివి ఒకే గడిలో వేయగలిగితేనే ఆ నిర్వచనం నిలిచినట్టు.

అమెరికాలో బెరెల్‌సన్, సాల్టర్ పత్రికల్లోని 198 కథల్ని ఇలా పరిశీలించి 1946లో ఫలితాలు ప్రకటించారు. అల్పసంఖ్యాకుల పాత్రలు తక్కువగానూ, తక్కువ స్థాయిలోనూ ఉన్నాయని తేలింది. ఒక్కో కథను విడిగా చదివితే ఈ పక్షపాతం దొరకదు.

కాని లెక్కకు హద్దు ఉంది. పైకి కనిపించే విషయాన్నే లెక్కించాలని 1952లో బెరెల్‌సన్ అంటే, సందర్భం వదిలేస్తే అర్థం జారిపోతుందని క్రాకవర్ వాదించాడు. మా బాన్సువాడ నిజాంసాగర్ ఆయకట్టు ప్రాంతం. కాలువ మొదట్లోని రైతు ‘నీళ్లొచ్చినయి’ అంటే ఇక నాట్లే. చివరి మడి రైతు అదే మాట అంటే, అందులో ఇన్నాళ్ల ఎదురుచూపు ఉంటుంది. పదాల పట్టికలో రెండూ ఒకటే.

ప్రగతిశీల విమర్శకులం ఇక్కడే ఆత్మవిమర్శ చేసుకోవాలి. ‘శ్రమ’, ‘పోరాటం’ అన్న మాటలు కనబడగానే కవికి యోగ్యతాపత్రం ఇచ్చేస్తున్నాం. కథలో కూలీ స్త్రీ ఉందా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఆమె నోరు విప్పిందా, నిర్ణయం తీసుకుందా, లేక ఆమె తరఫున మరొకరు ఉపన్యసించారా? ఆ గడులు ఖాళీగా మిగిలితే, ఆ ఖాళీ కూడా ఫలితమే.

కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. కథలు దొరకవన్న సాకు ఇక చెల్లదు. పరిశోధక విద్యార్థులు ఒక దశాబ్దపు తెలంగాణ కథల్ని తీసుకుని ఈ గడులు నింపాలి. తీర్పులు ఆ తరువాత చెప్పుకోవచ్చు.