కనబడే చేయి, కనబడని ఊపిరి

ఫిన్లాండు దేశపు క్లౌస్ మాకెలా 1996లో పుట్టాడు. 2020లో ఓస్లో ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా పగ్గాలు పట్టాడు, మరుసటి ఏడే పారిస్ ఆర్కెస్ట్రావీ అతని చేతికొచ్చాయి. 2027 నుంచి తమ వాద్యబృందాలను నడపమని షికాగో, ఆమ్‌స్టర్‌డాం వాళ్ళూ అతన్నే ఎంచుకున్నారు. ఇంత చిన్న వయసులో ఇన్ని కుర్చీలా అని అక్కడి విమర్శకులు కొందరు గొణిగారు. యూట్యూబు అభిమానులకు ఆ గొణుగుడు పట్టదు.

ఆ వీడియోలు చూస్తే ఒక విశేషం తోస్తుంది. అంతమంది వాయిస్తూ ఉంటే కెమెరా మాటిమాటికీ అతని ముఖం మీదికే పోతుంది. వేదిక మీద ఒక్క స్వరమైనా పలికించని మనిషి అతనొక్కడే! సభలో కూర్చున్న శ్రోతకు అతని వీపే కనబడుతుంది. ముఖాన్ని చూపింది తెర. అంతమాత్రాన ఆ కీర్తి ఉత్తదని అనను. ఎక్కడ వేగం పెంచాలో, ఏ వాద్యం అణగాలో నిర్ణయించేది అతనే. అయితే ఆ పనిలో చాలాభాగం రిహార్సల్లోనే అయిపోతుంది. మనం చూసి మురిసేది మిగిలిన భాగాన్ని.

మన కోవిల్‌పట్టిలో దీనికి సరిగ్గా ఎదురైన కథ ఉంది. కారుకురిచ్చి అరుణాచలం (1921–1964) రాజరత్నం పిళ్ళై శిష్యుడు, ఈ ఊళ్ళో స్థిరపడ్డ నాదస్వర విద్వాంసుడు. 1962లో వచ్చిన 'కొంజుం సలంగై'లో 'సింగారవేలనే దేవా' పాటకు నాదస్వరం ఆయనదే. తెర మీద వాద్యం పట్టుకున్నది జెమినీ గణేశన్, పాడుతున్నట్టు కనబడేది సావిత్రి, గొంతు రేపల్లె దగ్గర పుట్టిన ఎస్. జానకిది. తెలుగులో అది 'మురిపించే మువ్వలు'గా వచ్చింది. పాట 'నీ లీల పాడెద దేవా' అయింది. మాటలు మారాయి, నాదస్వరం మారనక్కరలేకపోయింది. ఇప్పుడు యూట్యూబులో రెండు భాషలవాళ్ళూ వింటున్నారు. అక్కడ ఫిన్లాండువాడి చేయి కనబడుతుంది, నాదం ఇతరులది. ఇక్కడ నాదం వినబడుతుంది, ఊదినవాడు కనబడడు.

జానకికి దక్కిన మెప్పు న్యాయమే. నాదస్వరం వేసిన స్వరాన్ని గొంతుతో అంత నిక్కచ్చిగా తిరిగి ఇవ్వడం సామాన్యం కాదు. నా ఆక్షేపణ వేరు. ఆ పాటలో అరుణాచలానికి దొరికింది ప్రశ్నకు జవాబు చెప్పేంత చోటు. వేగం చూపవచ్చు, రాగాన్ని నిదానంగా విప్పడానికి వీల్లేదు. ఆ రాగం ఆభేరి. మన త్యాగయ్య 'నగుమోము'కు నేడు పాడుతున్న రాగమూ అదే. గంటల తరబడి రాగం వాయించగల విద్వాంసుణ్ణి కొన్ని నిమిషాల పాటతో లెక్క తేల్చేయడం, ఖాతాలో మూలధనం వదిలేసి వడ్డీ మాత్రమే చూసినట్టుంది.

ఆయన ఆలాపనల రికార్డులూ అదే యూట్యూబులో ఉన్నాయి. చూడటానికి తెర మీద ఏమీ ఉండదు, ఒక నిశ్చలమైన ఫోటో తప్ప. చెవులు పెట్టి వినాలి. మన పెళ్ళిళ్ళలోనూ కుర్రాళ్ళు మేళంవారిని ఆ సినిమా పాటే అడుగుతున్నారు. అడగనివ్వండి. ముహూర్తానికి ముందు అరగంట మాత్రం నాదస్వరం ఆయన్ను ఆయన ఇష్టానికి వదిలేసి, ఆ సేపు మైకులో ఆశీర్వాదాల పేర్లు చదవడం ఆపితే చాలు.