సజీవ ప్రేరణము: బాలసరస్వతి నాట్యము, సత్యజిత్ రాయ్ చిత్రము

కవిని గాని, గాయకుని గాని, చిత్రకారుని గాని, నీకు ప్రేరణ మెవరివలన కలిగినదని యడిగినచో, సాధారణముగా పూర్వుల పేళ్లే చెప్పును. తిక్కన, క్షేత్రయ్య, త్యాగరాజు మొదలగువారి పేళ్లు చెప్పుటలో గౌరవమున్నది, చిక్కు లేదు. పూర్వుల లోపములను కాలము కప్పివేసియుండును. వారికిని నేటివారికిని పోటీ లేదు. సమకాలికుని పేరు చెప్పుట యంత సులభము కాదు. అతడు పొరుగువీధిలోనే యుండవచ్చును. అతని కులము, భాష, బ్రతుకుతెరువు అందరికిని తెలిసియుండును. అసూయయు, అనుమానమును అడ్డు నిలుచును. ఐనను కళాకారుల జీవితములను పరిశీలించినచో, వారిని కదలించి మార్గమున బెట్టినది పెక్కుమారులు గ్రంథస్థుడైన పూర్వుడు కాక, తమ కన్నులయెదుట ఆడినవారో పాడినవారో యని తేలుచున్నది.

దీనికి మంచి నిదర్శనము తంజావూరు బాలసరస్వతి జీవితము. ఆమె సమకాలికులనుండి ప్రేరణము పొందినది, సమకాలికులకు ప్రేరణమైనది. ఆమెనుండి సత్యజిత్ రాయ్ వంటి వంగదేశీయుడు ఏమి గ్రహించెనో, ఎచట తడబడెనో విచారించినచో, ప్రేరణమునకును అనుకరణమునకును గల భేదము స్పష్టపడును. ఈ వృత్తాంతమంతటను తెలుగుభాష ఒక మూలనుండి వినబడుచునే యుండుట ఆంధ్రేతర ప్రాంతములలోని తెలుగువారు ప్రత్యేకముగా గమనింపదగిన విషయము.

బాలసరస్వతి 1918లో మదరాసున జన్మించెను. ఆమె మాతామహి వీణ ధనమ్మాళ్ (1867–1938). శుక్రవారపు సాయంకాలములందు ధనమ్మాళ్ తన యింట వీణ వాయించుచుండగా, నగరమందలి విద్వాంసులును రసికులును వచ్చి నిశ్శబ్దముగా వినెడివారు. ఆ యింట తెలుగు పదములు వంటయింటి మాటలవలె నిత్యపరిచితములు. తల్లి జయమ్మాళ్ గాయని. పినతల్లి బిడ్డలైన బృంద, ముక్త తరువాతి కాలమున పదగానమునకు ప్రమాణముగా నెన్నబడిన సోదరీమణులు. ఇట్టి యింట పుట్టిన బిడ్డ గాయని యగుట సహజము. కాని ఆ బిడ్డ నాట్యమును కోరినది.

కారణము మైలాపూరు గౌరి అమ్మాళ్. ఆమె మైలాపూరు కపాలీశ్వరాలయమునకు చెందిన నర్తకి. ఆమె ఆడుచుండగా చూచిన పసిబిడ్డకు తానును అట్లే ఆడవలెనను కోరిక పుట్టెను. ఆ రోజులు నాట్యమునకు చెడ్డరోజులు. దేవదాసీ వ్యవస్థను మాన్పవలెనను ఉద్యమము బలపడుచుండెను. 1947లో మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించుచు శాసనమును చేసెను. వ్యవస్థయందలి అన్యాయమును తొలగింపబూనుట ధర్మమే. ఐనను ఆ వ్యవస్థతోపాటు కళయు, కళను మోసిన స్త్రీల గౌరవమును గాలికి పోవు ప్రమాదమేర్పడెను. నాట్యమన్నచో బంధువులే వెనుదీయు కాలమున, జనులు చిన్నచూపు చూచుచున్న ఒక సమకాలిక నర్తకిని ఆదర్శముగా గొనుట సామాన్యమైన సాహసము కాదు. 1925లో, ఏడవయేట, కాంచీపుర కామాక్షీదేవి యాలయమున బాలసరస్వతి యరంగేట్రము జరిగెను.

ఇచట గమనింపవలసినది మరియొకటి యున్నది. గౌరి అమ్మాళ్ నాట్యము ఆ బిడ్డకు కోరికను కలిగించినది కాని, కోరిక యొక్కటియే విద్య కాదు. నట్టువనారు కందప్ప పిళ్లై కఠిన శిక్షణమిచ్చి లయను కాళ్లలో నిలిపెను. అభినయమున గౌరి అమ్మాళ్ శిక్షణము లభించెను. కూచిపూడి సంప్రదాయమున అభినయమునకు నిధియని పేరుగాంచిన వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు (1886–1956) మదరాసునందు ఆమెకు అభినయము నేర్పిరి. ఒకే పాదమును తీసికొని, దానిలోని భావమును ఎప్పటికప్పుడు క్రొత్తగా విస్తరించుట ఆ మార్గపు ప్రాణము. కృష్ణాతీరపు పల్లెనుండి వచ్చిన తెలుగు గురువు విద్యయు, తంజావూరు నట్టువాంగమును, మైలాపూరు ఆలయ నర్తకి అభినయమును ఒక దేహమునందు కలిసెను. ఫలితము ఆ మూడింటిలో దేనికిని నకలు కాలేదు. అనుకరించువాడు ఒకరినే చూచును. ప్రేరణము పొందినవాడు ఆ యొకరి వెనుకనున్న విద్యనంతటిని వెదకికొనుచు పోవును.

1975లో మదరాసు తమిళ ఇసై సంగ సభయందు ఇచ్చిన అధ్యక్షోపన్యాసమున బాలసరస్వతి నాట్యక్రమమును దేవాలయముతో పోల్చెను. అలరింపు గోపురము, దానిని దాటి మండపములగుండ నడచి, వర్ణమను విశాల ప్రాంగణమును చేరి, తుదకు పదమునొద్ద గర్భాలయమున ప్రవేశింపవలెనని ఆమె భావము. ఈ ఉపమానమును తెలుగువారు నిదానముగా ఆలోచింపవలెను. ఆ గర్భాలయమున వినబడిన భాష పెక్కుమారులు తెలుగే. పదునేడవ శతాబ్దిని మువ్వగోపాల ముద్రతో క్షేత్రయ్య రచించిన పదములను నాయకరాజుల కాలమునుండి తమిళనాటి నర్తకీమణులు, గాయనీమణులు తల్లినుండి బిడ్డకు అప్పగించుచు వచ్చిరి. తెలుగునాట పలువురు ఆ రచనలను శృంగారమని దూరముంచిన దినములలో సయితము వారు వదలలేదు.

పదమును అభినయించుటకు స్వరజ్ఞానము చాలదు; పలుకుబడి తెలియవలెను. "రారా" యనునది బడిపిల్లవానికి రెండక్షరముల మాట. మొదటి రా క్రియ; రెండవ రా సంబోధనము. క్రియ పిలుచును, సంబోధనము చనవును తెలుపును. ఆ చనవు ప్రేమయా, అధికారమా, అలిగినదాని ఎత్తిపొడుపా యనునది గాత్రమున, కంటిచూపున తేలవలెను. "వచ్చినాడా" యన్నప్పుడు చివరి దీర్ఘములో ఆశ యుండవచ్చును, అనుమానముండవచ్చును, అతడు వచ్చినను రాకున్నను ఒక్కటే యను నిర్వేదముండవచ్చును. పదగానమున నడక మందమగుటకు ఇదియొక కారణము: ఆ దీర్ఘమునందు మనస్సు తిరుగుటకు చోటుండవలెను. ధనమ్మాళ్ కుటుంబమువారు ఈ రహస్యమును వ్యాకరణము చదివి తెలిసికొనలేదు; విని తెలిసికొనిరి. బాలసరస్వతి తాను పాడుచు అభినయించుటచే, మాటకును ముఖమునకును నడుమ ఎడము లేకపోయెను.

ఇక రాయ్ విషయము. 1935లో కలకత్తా నగరమున బాలసరస్వతి నాట్యమును 14 ఏండ్ల సత్యజిత్ రాయ్ చూచెను. దక్షిణదేశపు నాట్యము ఆ నగరమున నాటికి చిరపరిచితము కాదు. ఐనను ఆ చూపు బాలుని మనస్సునుండి చెరగలేదు. తరువాత ఆయన చిత్రకారుడై, 1955లో విడుదలయైన 'పథేర్ పాంచాలి'తో ప్రపంచప్రసిద్ధ చలనచిత్ర దర్శకుడైనను, ఆమెనుగూర్చి చిత్రమును తీయవలెనను తలంపు నిలిచియే యుండెను. ఆ తలంపు 1976లో 'బాల' యను చిత్రముగా ఫలించెను. చూచిన దినమునకును తీసిన దినమునకును మధ్య 41 సంవత్సరములు గడచినవి. బాలసరస్వతికి నాడు 58వ యేడు.

సుమారు అరగంట నిడివి గల ఆ చిత్రమున రెండు నాట్యఘట్టములు ప్రధానములు. ఒకటి వ్యాసతీర్థులదని ప్రసిద్ధమైన కన్నడ కీర్తనకు అభినయము. బాలకృష్ణుని పిలుచు ఆ కీర్తనను రాయ్ సముద్రతీరమున ఆడించెను. ప్రకృతిని మనుష్యుల సుఖదుఃఖములతో పెనవేయుట ఆయన చిత్రములలోని గొప్ప శక్తి. ఆ శక్తినే ఇచటను నమ్మెను. కాని అభినయము గర్భాలయపు కళ. తల్లి కనుబొమ్మ కదలిక, పెదవియంచున నిలిచిన చిరునవ్వు, పిలిచి యాగిన చేయి, ఇవి దగ్గరగా, నిశ్చలముగా చూడవలసినవి. తీరమున గాలి చీరకొంగును లాగుచుండును. అలలు కంటిని తమవైపు త్రిప్పుకొనుచుండును. వీక్షకుడు బాలుని పిలుచు తల్లిని చూడవలసినచోట, గాలికి ఎదురునిలిచిన నర్తకిని చూచును. దర్శకుడు తన కళయందలి బలమును తెచ్చి ఆమె కళపై పరచెను. ఆమె కళ కోరిన గదిని కట్టలేదు. భక్తి లోపించి కాదు, తన అలవాటును ఒక నిమిషము పక్కనబెట్టలేకపోవుటచే కలిగిన దోషమిది.

రెండవది పదవర్ణము. ఇచట దర్శకుడు మారినట్లున్నాడు. కెమెరా తన చమత్కారమును తగ్గించుకొని, నర్తకిని అనుసరించి నిలుచును. ఏడవయేట కాంచీపురమున కట్టిన గజ్జెలనే బాలసరస్వతి ఆ నాట్యమునకు కట్టెనట. వయస్సు శరీరమును బరువెక్కించినను లయ సడలలేదు. చూపుల కోణములు మార్చి మెరుగుపెట్టవలెనను తహతహ లేని ఈ ఘట్టమునందే రాయ్ పొందిన ప్రేరణము ఫలించినది. ఫ్రాన్సు దేశపు ఛాయాచిత్రకారుడైన హెన్రీ కార్టియె-బ్రెసాన్ యెడల రాయ్‌కు గల ఆదరము ప్రసిద్ధమే. 1987లో ఆయన భారతదేశ ఛాయాచిత్రముల సంపుటమునకు రాయ్ ముందుమాట వ్రాసెను. దృశ్యమును సవరింపక, దానికై కనిపెట్టుకొని యుండుట ఆ ఛాయాగ్రాహకుని కళయందలి మూలధర్మము. వర్ణఘట్టమున కనబడునది ఆ ఓర్పే. సముద్రతీరమున రాయ్ తన శక్తిని చూపెను. వర్ణమున ఆమె శక్తికి చోటిచ్చెను. ప్రేరణమన్న మాటకు రెండవదియే సరియైన అర్థము.

ఈ చిత్రము మరియొక విషయమును బాధాకరముగా తెలుపుచున్నది. పదునేడేండ్ల బాలసరస్వతిని కలకత్తాలో చూచినవారి జ్ఞాపకము తప్ప, ఆ యౌవననాట్యమును నేటివారికి అట్లే చూపగల చిత్రము లేదు. ధనమ్మాళ్ వీణానాదము సయితము కొద్దిపాటి గ్రామఫోను రికార్డులలో మాత్రమే చిక్కెను. ఇది సాధనముల లోపమొక్కటియే కాదు. తమ నడుమనున్న కళాకారుని గొప్పతనమును గుర్తించుటకు సమాజము తీసికొను ఆలస్యము కూడను. బాలసరస్వతికి 1955లో సంగీత నాటక అకాడమి పురస్కారమును, 1957లో పద్మభూషణమును లభించినవి. మదరాసు సంగీత విద్వత్సభవారి సంగీతకళానిధి బిరుదము 1973లో లభించెను. ఒక నర్తకికి ఆ బిరుదము లభించుట అదియే మొదలు. గౌరవము వచ్చినది, నిజమే. ఐనను కాళ్లలో వేగమున్న నాడు ఆమెను కన్నులారా చూచి నేర్చుకొనదగినవారు ఎందరు వచ్చిరన్న ప్రశ్నకు బిరుదములు సమాధానము కావు. ఆమె 1984లో గతించెను.

ఇట్టి కళాకారులను తెలుగువారి ఖాతాలో వ్రాసికొనవలెనను ఉబలాటము సభలలో అప్పుడప్పుడు కనబడుచుండును. అది తగదు. బాలసరస్వతి తంజావూరు సంప్రదాయపు బిడ్డ. తమిళదేశము ఆమెను కన్నది. ఆమెవలన తెలుగునకు కలిగిన మేలు గొప్పది. దానికి ప్రతిగా చేయదగినది హక్కును చాటుట కాదు, ఋణమును గుర్తించుట. అన్యభాషీయులు శ్రమించి కాపాడిన పదములోని పలుకుబడిని, తెలుగే ఇంటిభాషగా గల పిల్లలు అర్థము చేసికొనలేని స్థితి వచ్చినచో, ఆ ఋణము తీరకపోవుటయే కాదు, తీర్చు యోగ్యతయు పోవును.

ఈ ప్రమాదము దూరమైనది కాదు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర ప్రాంతములలో తెలుగు బడిపిల్లవాడు ఇంట ఒక తెలుగు, వీధిలో మరియొక భాష, పుస్తకమున వేరొక తెలుగు వినుచు పెరుగుచున్నాడు. వానికి కవులందరును పటములలోని పెద్దలే. ఆ పటములకు నమస్కరించుట నేర్పినంతమాత్రమున భాషపై ప్రీతి కలుగదు. వాని యూరనే ఒక గాయని తెలుగు కీర్తనను తన తమిళ లేక కన్నడ యాసతో పాడుచుండవచ్చును. ఒక నాట్యాచార్యుడు పదమును నేర్పుచు "రారా"కు అర్థమెరిగినవానికై వెదకుచుండవచ్చును. ఒక ఛాయాగ్రాహకుడు జాతరలోని తప్పెటవానిని చిత్రించుచుండవచ్చును. వారియొద్దకు బాలుని కొనిపోవుట, వారు వినియోగించు తెలుగు మాటకు అర్థమును ఆ బాలునిచేతనే చెప్పించుట భాషాభ్యాసమున చిన్న భాగము కాదు. తన యింటి మాట మరియొకరి కళకు పనికివచ్చినదని తెలిసిన బాలునికి ఆ మాటపై కలుగు గౌరవము పద్యములు వల్లెవేయుటచే కలుగదు.

పూర్వులు మార్గము వేసిరి. ఆ మార్గమున నేడు నడచుచున్నవారి అడుగులు చూచియే పసివారు నడక నేర్తురు. గౌరి అమ్మాళ్‌ను చూచిన పసిబిడ్డ బాలసరస్వతి యైనది. బాలసరస్వతిని చూచిన బాలుడు నలువదియొక సంవత్సరములు ఆ దృశ్యమును మరువలేదు. వారికి పేరు వచ్చిన పిదప చూతమని ఆ పిల్లలిరువురును వేచియుండలేదు.