పంపు మెడ మీద పైపు బరువు

ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో బాయిలర్‌కు నీళ్లు తోసే ఫీడ్ పంపును చూస్తే అందరి కన్నూ మోటారు మీదే. నాకు మాత్రం పైపు తగిలే దాని మెడ, అంటే నాజిల్, ఎంత భారం ఓర్చుకోగలదో ముందే లెక్కగట్టిన ఇంజనీరు అంటే గౌరవం. ఉక్కు పైపు వంద డిగ్రీలు వేడెక్కితే మీటరుకు దాదాపు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. సాగి ఊరుకోదు, పంపును నెడుతుంది, మెలిపెడుతుంది. మూడు దిక్కుల తోపు, మూడు దిక్కుల మెలి: ఆరు అంకెలూ హద్దులో ఉండాలి. మించితే పైపుకు ఇంకో వంపు పెడతారు, స్ప్రింగు సపోర్టు మారుస్తారు, మళ్లీ మొదటినుంచీ లెక్క. తర్వాత ఫిట్టరు వంతు. మోటారునూ పంపునూ కలిపే కప్లింగు మీద డయల్ గేజీ పెట్టి, పైపును నాజిల్‌కు కలిపే ఫ్లాంజి బోల్టులు బిగిస్తాడు, ముల్లు 0.05 మిల్లీమీటరు దాటిందా, పైపు సరిచేయాల్సిందే. కడప ఎండల్లో మన ఇంటి ఫ్యాను తిరగడంలో ఈ వెంట్రుకవాసి పట్టింపుకూ వాటా ఉంది.