జీవితచరిత్ర చిత్రం: పేరు మారితే ఏమి మారుతుంది?

జీవితచరిత్ర చిత్రాన్ని పరిశీలించేటప్పుడు విద్యార్థులు సాధారణంగా 'ఇది నిజంగా జరిగిందా?' అని అడుగుతారు. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ కథ ఎవరు చెబుతున్నారు?

ఏలూరుకు దగ్గరి కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మిని లోకం సిల్క్ స్మితగా ఎరుగును. 'సిల్క్' ఆమె పెట్టుకున్న పేరు కాదు. 1980లో వచ్చిన తమిళ చిత్రం 'వండిచక్రం'లో ఆమె పాత్ర పేరు. ఆ పాత్ర ఆమెను జీవితాంతం వదలలేదు. 1996 సెప్టెంబరులో మద్రాసులో మరణించింది.

ఆమె జీవితం ప్రేరణగా 2011లో హిందీలో 'ద డర్టీ పిక్చర్' వచ్చింది. దర్శకుడు మిలన్ లూథ్రియా. విద్యాబాలన్‌కు జాతీయ పురస్కారం దక్కింది, న్యాయంగానే దక్కింది. అయితే నాయిక పేరు గమనించండి: రేష్మ. రేషం అంటే పట్టు. అంటే ఈమె పుట్టుకతోనే 'సిల్క్'! విజయలక్ష్మికీ సిల్క్‌కూ మధ్య ఉన్న దూరమే అసలు కథ. దాన్ని ఒక్క పేరుతో చెరిపేశారు.

రెండో మార్పు ఇంకా పెద్దది. చిన్న వయసులోనే పెళ్ళయి, ఆ కాపురం పొసగక ఆమె మద్రాసు చేరిందని ఆమె జీవితకథనాలు చెబుతాయి. తెరమీది రేష్మ పెళ్ళికి ముందే, సినిమా మోజుతో పారిపోతుంది. బాధ నుంచి తప్పించుకున్న పిల్ల ఆశపోతు పిల్లగా మారింది. కొవ్వలీ లేదు, కొల్లేటి సీమా లేదు, ఆమె మాతృభాషా లేదు.

ఇక కథకుడు. ఆమెను అసహ్యించుకునే దర్శకుడు అబ్రహాం గొంతుతో కథ నడుస్తుంది. అతడి మనసు మారడమే చివరికి కథాగమనం అవుతుంది. 'మహానటి' (2018)లోనూ కథ పాత్రికేయురాలి ద్వారానే వస్తుంది గాని, ఆమె తెలుసుకోవడానికి వెళుతుంది. అబ్రహాం తీర్పుతో మొదలవుతాడు. సావిత్రికి ఆమె పేరు, ఆమె చిత్రాల పేర్లు దక్కాయి. నాట్యతారకు అంత గౌరవం అక్కరలేదనుకున్నారు కాబోలు!

ఏలూరు సంపర్క తరగతిలో ఒకమ్మాయి, "మా ఊరి పక్క ఊరే సార్, ఇంట్లో మాత్రం ఆవిడ పేరు ఎత్తనివ్వరు" అంది. ఆ మౌనం మీద ఒక్క సన్నివేశం కూడా ఎవరూ తీయలేదు.

అభ్యాసం: బాలూ మహేంద్ర 'వసంత కోకిల'లో స్మిత నటన చూసి, ఆ పాత్రలో ఆమె ముఖం చెప్పినదేమిటో ఒక పుటలో రాయండి.