నైతిక గాయానికి కొలమానం: సైనికుల ప్రశ్నావళులపై విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

యుద్ధం మిగిల్చే మనోవేదన అంతా భయం నుంచే పుట్టదు. చేయరానిది చేసినందుకు, ఆపవలసినదాన్ని ఆపలేకపోయినందుకు, నమ్మినవారు వంచించినందుకు కలిగే వేదనను పరిశోధకులు ‘నైతిక గాయం’ అంటున్నారు. వియత్నాం యుద్ధంలో పాల్గొన్న అమెరికన్ మాజీ సైనికులకు చికిత్స చేసిన మనోవైద్యుడు జొనాథన్ షే ‘అకిలీస్ ఇన్ వియత్నాం’ (1994) గ్రంథంలో, అధికారంలో ఉన్నవారు ధర్మం తప్పడాన్ని ఈ వేదనకు మూలంగా చూపారు. 2009లో బ్రెట్ లిట్జ్ బృందం సైనికుడు స్వయంగా చేసిన, ఆపలేకపోయిన, కళ్ళారా చూసిన అతిక్రమణలకు ప్రాధాన్యమిచ్చింది. మొదటి నిర్వచనం అధికారాన్ని ప్రశ్నిస్తే, రెండవది సైనికుని అంతరాత్మను పరిశీలించింది. కొలమానాల చిక్కుకు మూలం ఈ భేదమే.

2. కొలమానాల తీరు

2013లో విలియం నాష్ బృందం మెరైన్ సైనికులతో పరీక్షించి ప్రకటించిన ప్రశ్నావళిలో 9 అంశాలున్నాయి. తప్పు జరగడం చూశారా అనే అంశం, చూసినందుకు బాధపడుతున్నారా అనే అంశం రెండూ అందులో ఉన్నాయి. సంఘటననూ దాని ఫలితాన్నీ ఒకే మొత్తంలో కలిపితే కార్యకారణాలు వేరుపడవు. ఎన్నో చూసి చలించని సైనికుడు, ఒక్కదానికే కుంగిపోయిన సైనికుడు ఒకే అంకె దగ్గర నిలిచే అవకాశం ఉంది.

2022లో లిట్జ్ తదితరులు వెలువరించిన 14 అంశాల కొలమానం ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. అది ఫలితాలనే కొలుస్తూ, సిగ్గుకు సంబంధించినవాటినీ విశ్వాసభంగానికి సంబంధించినవాటినీ వేరుచేసింది. చికిత్సకు ఈ విభజన అవసరం. తనను తాను క్షమించుకోలేనివానికీ, వ్యవస్థను క్షమించలేనివానికీ ఒకే ఓదార్పు సరిపోదు.

3. మిగిలిన ప్రశ్నలు

సిగ్గు దాచమంటుంది, ప్రశ్నావళి చెప్పమంటుంది. విధుల్లో ఉన్న సైనికుని జవాబు విచారణకు దారితీస్తుందన్న భయం ఉంటే, గాయం లోతుగా ఉన్నచోటే అంకె తక్కువగా రావచ్చు. అనువాదంలో మరో చిక్కుంది. తెలుగులో ‘సిగ్గు’ బిడియాన్నీ సూచిస్తుంది. ‘అపరాధభావం’ చేసిన పనికి చెందితే, ఇక్కడ కొలవవలసిన సిగ్గు మనిషి తన ఉనికినే హీనంగా చూసుకోవడం. ఈ తేడా నిలవని అనువాదం వేరొకదాన్ని కొలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది విశ్వాసభంగం. పైవారు నిజంగా వంచించినప్పుడు సైనికుని ఆగ్రహం రోగలక్షణమా, సరైన తీర్పా? అంకె ఈ రెంటినీ వేరుచేయలేదు.

4. ముగింపు

కొలమానం లేకుంటే బాధితుని గుర్తించడం, చికిత్స ఫలితాన్ని తెలుసుకోవడం కష్టం. కనుక దాన్ని తిరస్కరించనక్కరలేదు. అయితే అంకెతోపాటు సంఘటన కథనాన్నీ నమోదుచేయాలి. లేనిపక్షంలో ఆజ్ఞ ఇచ్చినవారి దోషం, ఆజ్ఞ పాటించినవాని వ్యాధిగా మిగిలిపోతుంది.